సముద్రం లేని ఊళ్లో పడవ సామాను

బ్రిటన్‌లో సముద్రానికి అన్నిటికంటే దూరంగా ఉన్న చోటు ఏదని పటాలు గీసే ఆర్డ్‌నెన్స్ సర్వే సంస్థ లెక్క కడితే, డెర్బీషైర్‌లో కోటన్ ఇన్ ద ఎల్మ్స్ అనే పల్లె దగ్గరి ఒక పొలం తేలింది. అక్కడి నుంచి ఏ దిక్కుకు వెళ్లినా ఉప్పునీరు తగలాలంటే కనీసం 113 కిలోమీటర్లు పోవాలి. లీసెస్టర్ ఆ పొలానికి పొరుగూరు లాంటిదే. ఊళ్లో సోర్ నది ఉంది, దానితో కలిసి సాగే గ్రాండ్ యూనియన్ కాలువ ఉంది. తూర్పుగా గంటలోపు కారు ప్రయాణంలో రట్లండ్ వాటర్ అనే పెద్ద జలాశయం ఉంది. సముద్రం మాత్రం లేదు.

ఇలాంటి ఊళ్లో ఒకాయన పాత కాటమరాన్ కొన్నాడనుకుందాం. భీమిలి ఒడ్డున తెప్పల మధ్య ఆడుకుంటూ పెరిగి, డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలో చదువుకుని, లీసెస్టర్‌లోనే ఉద్యోగం చూసుకుని స్థిరపడ్డ మనిషి. పడవ 1970ల నాటిది, 27 అడుగులది. ఎసెక్స్ తీరంలో ఒక యార్డులో, మోకాలెత్తు గడ్డి మధ్య దిమ్మెల మీద నిలబడి ఉంది. రెండు హల్‌లూ (నీటి మీద తేలే పడవ పొట్టలు) గట్టిగానే ఉన్నాయి, తెరచాప కొయ్య వంగలేదు. కానీ ఒక చుక్కాని వేలాడుతోంది. కొయ్యను పక్కల నుంచి బిగబట్టే స్టీలు తీగల వయసు ఎవరికీ తెలియదు. నీళ్ల కవాటాలు తిరగడం లేదు. రెండు కిటికీలు చీలాయి. రెండు హల్‌ల మధ్య కట్టే వల ముట్టుకుంటే పొడైపోతోంది. పడవ తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

ఇలాంటి పడవ కొన్న ప్రతివాడూ మొదటి వారంలో ఒకే పొరపాటు చేస్తాడు. రాత్రి భోజనం కాగానే ఫోను తీసి సామాను కొనడం మొదలుపెడతాడు. వారానికి నాలుగు పార్సిళ్లు వస్తాయి. శనివారం మూడు గంటలు కారు నడిపి ఎసెక్స్ వెళ్తే అందులో మూడు సరిపోవు. ఒకటి మిల్లీమీటరు లావు, ఒకదాని మర వేరు, ఒకటి ఎడమది బదులు కుడిది.

ఈ అధ్యాయం చెప్పేది అందుకు పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి. వెతుకులాట కొట్టు దగ్గర మొదలవకూడదు, పడవ దగ్గర మొదలవాలి. పడవ దూరంగా ఉండటం నిజానికి ఇందులో సాయమే చేస్తుంది. పడవ పక్కనే ఇల్లున్నవాడు కావాల్సినప్పుడు వెళ్లి చూసుకోవచ్చని ఏదీ రాసిపెట్టుకోడు. లీసెస్టర్ మనిషికి ఆ వీలు లేదు. ఒక్క ప్రయాణంలో పడవ మొత్తాన్ని కాగితం మీదికి ఎక్కించుకుని రాక తప్పదు. అలా ఎక్కించుకున్నవాడికి సగం సామాను అప్పుడే దొరికినట్టు.

కాటమరాన్ అనే మాట మన తీరం నుంచి వెళ్లిందే. తమిళంలో కట్టు, మరం కలిసిన మాట. కట్టిన మాను అని తెలుగువాడికి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆంగ్లేయ నావికుడు విలియం డాంపియర్ కోరమండల్ తీరంలో దుంగలు కట్టిన ఆ తెప్పలను చూసి, 1697లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఆ పేరు రాశాడు. తర్వాత్తర్వాత పాశ్చాత్యులు పేరును మన దగ్గర, ఆకారాన్ని పసిఫిక్ దీవులవాళ్ల జంట పడవల దగ్గర తీసుకుని రెంటినీ ఒకటి చేశారు. అందుకే ఇవాళ కాటమరాన్ అంటే పక్కపక్కన రెండు సన్నటి హల్‌లు, వాటిని కలిపే అడ్డదూలాలు, మధ్యలో వేదికో వలో ఉన్న పడవ. ఉత్తరాంధ్ర జాలరి తన తెప్పను ఒడ్డుకు చేర్చాక కట్లు విప్పి, దుంగలు ఆరబెట్టి, మర్నాడు మళ్లీ కట్టుకునేవాడు. దుంగ పాడైతే దుంగ మార్చేవాడు, తాడు పాడైతే తాడు. ఏది ఎక్కడ ఎంత పొడవుందో వేళ్లకే తెలుసు. ఎసెక్స్‌లో నిలబడ్డ ప్లాస్టిక్ పడవ విషయంలో ఆ వేళ్ల జ్ఞానాన్ని నోటు పుస్తకంతో సంపాదించుకోవాలి.

ఆ మొదటి ప్రయాణానికి తీసుకెళ్లాల్సినవి ఎక్కువేం కాదు. వెర్నియర్ కాలిపర్, టేపు, మర చుట్లు లెక్కపెట్టే గేజి, పెన్సిలు, పలుచని కాగితం, టార్చి, గట్టి అట్టముక్కలు. ఆ రోజు ఏదీ కొనకూడదు, ఏదీ బాగుచేయకూడదు. ప్రతి భాగం పక్కన స్కేలు పెట్టి మూడు వైపుల నుంచి ఫొటో తీయాలి. ఊడదీయగలిగినదాన్ని ఊడదీసి, పడవలో దాని చోటు రాసిన చీటీ కట్టి, సంచిలో వేసుకుని లీసెస్టర్ తెచ్చుకోవాలి. ఊడదీయలేనివాటికి అట్టముక్కతో అచ్చు కోసుకోవాలి. కిటికీల అంచుల మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే, నాణెం మీద కాగితం పెట్టి పిల్లలు రుద్దినట్టు, ఆకారం అలాగే దిగుతుంది.

కొలతల దగ్గర బ్రిటిష్ పాత పడవ పెట్టే తిప్పలు ఒక పట్టాన తేలవు. 1970లు ఆ దేశం అంగుళాల నుంచి మిల్లీమీటర్లకు మారుతున్న కాలం. ఒకే పడవలో రెండు లోకాలూ కలిసి ఉంటాయి. తీగ చూడటానికి 5 మిల్లీమీటర్లే, కాలిపర్ పెడితే 4.76 అంటుంది. అంటే అది అంగుళంలో పదహారింట మూడు వంతుల తీగ. దాని కొనకు నొక్కి బిగించే తొడుగు 5 మిల్లీమీటర్లదైతే వదులవుతుంది. వదులైన తొడుగు మొదటి గట్టి గాలికే జారిపోవచ్చు.

మరలు ఇంకా చిక్కు. పావు అంగుళం బోల్టు అంటే ఒక రకం కాదు. విట్‌వర్త్ మర అయితే అంగుళానికి 20 చుట్లు, బీఎస్ఎఫ్ అయితే 26, యూఎన్ఎఫ్ అయితే 28. పక్కనే 6 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు ఉంటే అదీ ఇంచుమించు అలాగే కనిపిస్తుంది. తప్పు బోల్టు రెండు చుట్లు సాఫీగా తిరుగుతుంది, మూడో చుట్టులో బిగుసుకుంటుంది. అక్కడ బలం పెడితే యాభై ఏళ్లుగా బాగున్న మర అరిగిపోతుంది. జోసఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన 55 డిగ్రీల మరకూ, తర్వాత వచ్చిన 60 డిగ్రీల మరకూ తేడా కంటికి ఆనదు, గేజికే తెలుస్తుంది.

హల్‌కు రంధ్రం వేసి బిగించే గొట్టపు అమరికలది మరో కథ. వాటి మర బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ పైపు మర. అర అంగుళం బీఎస్‌పీ అంటే బయటి వ్యాసం అర అంగుళం ఉంటుందనుకోవడం సహజం. కాలిపర్ పెడితే 20.95 మిల్లీమీటర్లు వస్తుంది, అంటే అంగుళంలో ముప్పావుకంటే ఎక్కువ. ఆ సైజు పేరు ఒకప్పుడు లోపలి రంధ్రాన్ని బట్టి పెట్టింది. పైపు మారినా పేరు మారలేదు. కాలిపర్ చూసి ముప్పావుది తెప్పించినవాడి చేతిలో 26.44 మిల్లీమీటర్లది పడుతుంది. అందుకే నోటు పుస్తకంలో సైజు పేరు రాయకూడదు, కొలిచిన అంకె రాయాలి. పేరు సంగతి కొట్టువాడు చూసుకుంటాడు.

కొలతల తర్వాత చేయాల్సింది ముద్రల వేట. పడవ కంపెనీ మూతపడితే సామాను దొరకదన్న భయం చాలామందిని కొనకముందే వెనక్కి లాగుతుంది. ఆ భయంలో నిజం తక్కువ. పడవ కంపెనీ తయారుచేసేది ఎక్కువగా హల్, డెక్కు, లోపలి బీరువాలు. మిగతావన్నీ బయట కొని బిగించినవే.

ప్రౌట్ కంపెనీ సంగతే తీసుకోవచ్చు. ఎసెక్స్‌లోని కాన్వీ ఐలండ్‌లో రోలాండ్, ఫ్రాన్సిస్ ప్రౌట్ అనే అన్నదమ్ములు 1940ల చివర్లో రెండు కయాక్‌లను వెదురుతో కలిపి కట్టి తెరచాప ఎత్తారు. ఆ సరదా 1950ల్లో షియర్‌వాటర్ అనే రేసు పడవగా, ఆ తర్వాత సముద్రాలు దాటే స్నోగూస్ లాంటి పెద్ద పడవలుగా పెరిగింది. 2000ల మొదట్లో కంపెనీ మూతపడింది. కానీ ఆ పడవల మీద తాడు చుట్టే విన్చ్‌లను ప్రౌట్ చేయలేదు. చేసిన కంపెనీల్లో ఒకటైన లెవ్‌మార్ ఇప్పటికీ ఉంది, పాత విన్చ్‌లకు పళ్లు, స్ప్రింగుల కిట్లు అమ్ముతోంది. చిన్న కప్పీలు, తాళ్లు పట్టే క్లీట్‌లు చేసే అలెన్ బ్రదర్స్ ఎసెక్స్‌లోనే ఉంది, బార్టన్ కెంట్‌లో ఉంది. పాత కొయ్యల మీద కనిపించే ప్రాక్టర్ అనే పేరు సెల్డెన్ అనే పెద్ద సంస్థలో కలిసిపోయింది. అడుగున చేరిన నీళ్లు తోడే చేతిపంపు మీద వేల్ అన్న ముద్ర కనిపిస్తే అది ఉత్తర ఐర్లండ్‌లోని బాంగర్ పట్టణానిది. రబ్బరు పొర మారిస్తే ముప్పై ఏళ్ల పంపు మళ్లీ కొత్తదానిలా లాగుతుంది. కాబట్టి పడవ పేరుతో కాదు, భాగం మీది ముద్రతో వెతకాలి. ముద్రలు గ్రీజు కింద, రంగు కింద, అడుగువైపు దాక్కుని ఉంటాయి. పాత టూత్‌బ్రష్షు, కాస్త తెల్ల వెనిగరు ఉంటే చాలు, అవి బయటపడతాయి.

కొలతలూ ముద్రలూ చేతికొచ్చాక ఏది కొత్తది కొనాలి, ఏది పాతది చాలు అన్న తీర్పు చెప్పుకోవాలి. చౌకా ఖరీదా అన్నది ఇక్కడ గీటురాయి కాదు. పాడయ్యే ముందు చెప్పి పాడయ్యేవి కొన్ని, చెప్పకుండా పోయేవి కొన్ని. విన్చ్ పాడయ్యే ముందు శబ్దం మారుతుంది. కప్పీ బిగుసుకుంటుంది. లంగరు తుప్పు కళ్లకు కనిపిస్తుంది. ఇలాంటివి పాతవి కొనుక్కోవచ్చు, కొనుక్కోవాలి కూడా, ఎందుకంటే 1970ల నాటి బరువైన కంచు విన్చ్‌ను శుభ్రం చేసి వాడుకుంటే ఇంకో తరం పనిచేస్తుంది. దాన్ని విప్పేటప్పుడు చుట్టూ అట్టపెట్టె కోసి పెట్టుకోవాలి, లేకపోతే వేలిగోరంత స్ప్రింగు ఎగిరి నీళ్లలో పడుతుంది. గేర్లకు పలుచగా గ్రీజు, వెనక్కి తిరగకుండా ఆపే పళ్లకు మాత్రం నూనె చుక్క. పళ్లకు గ్రీజు పెడితే అది గట్టిపడి, స్ప్రింగు తోసినా పన్ను బయటికి రాదు, బరువు మీద ఉన్న హ్యాండిల్ వెనక్కి తిరిగి మణికట్టును కొడుతుంది.

చెప్పకుండా పోయేవాటిలో మొదటివి ఆ స్టీలు తీగలు. 19 పోగులు పేనిన స్టెయిన్‌లెస్ తీగ బయటికి అద్దంలా మెరుస్తూనే, తొడుగు లోపల ఉప్పునీరు నిలిచి చీలుతుంది. పదేళ్లు దాటిన తీగలను మార్చారా అని బ్రిటన్‌లో చాలా బీమా సంస్థలు అడుగుతాయి. కాటమరాన్‌కు ఇది ఇంకా ముఖ్యం. ఒక హల్ ఉన్న పడవ గట్టిగాలికి పక్కకు ఒరిగి ఆ గాలిని కొంత జార్చేస్తుంది. కాటమరాన్ రెండు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషి లాంటిది, ఒరగదు. గాలి తోపు మొత్తం కొయ్య మీదికి, అక్కడి నుంచి తీగల మీదికి పోతుంది. అందుకే అదే పొడవున్న మామూలు పడవ తీగ సైజు చూసి కాటమరాన్‌కు కొనకూడదు. పాత తీగలను ఎవరు ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు.

రెండోది నీటి కవాటం. సీకాక్ అంటారు. ఇక్కడ ఆగి దగ్గరగా చూడాల్సిందే, ఎందుకంటే లంగరు వేసి ఉన్న పడవను కూడా ఇది ముంచగలదు. మామూలు ఇత్తడిలో రాగితో పాటు నలభై శాతం దాకా జింకు ఉంటుంది. ఉప్పునీరు ఆ జింకును మెల్లగా కరిగించి తీసుకుపోతుంది. ఆకారం అలాగే ఉంటుంది, లోపల మిగిలేది స్పంజి లాంటి రాగి. పేనాకత్తి మొనతో గీకితే మంచి లోహం పసుపు బంగారంలా మెరుస్తుంది, జింకు పోయింది గులాబీ రంగు తేలుతుంది. ఆ రంగు కనిపించిన కవాటాన్ని చేత్తో విరవవచ్చు. కొత్తది కొనేటప్పుడు కంచుది గానీ, జింకు పోకుండా కలిపిన డీజెడ్ఆర్ ఇత్తడిది గానీ తీసుకోవాలి. ఆ ఇత్తడి మీద సీఆర్ అన్న అక్షరాలు పోసి ఉంటాయి. మామూలు ఇత్తడి కవాటం కూడా కొట్లో అదే అరలో, అదే మెరుపుతో, సగం ధరకు ఉంటుంది. ఐరోపా ప్రమాణం ఈ కవాటాల నుంచి కోరింది అయిదేళ్ల మన్నికనే. 1970ల కవాటం ఆ లెక్కన ఎన్నిసార్లు గడువు దాటిందో చెప్పక్కర్లేదు. గ్యాసు గొట్టాలు, రబ్బరు పైపులు, లైఫ్ జాకెట్లు కూడా ఈ వరసలోవే.

ఇక లీసెస్టర్ సంగతి. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యికి ఊరంతా తిరిగినట్టు, లీసెస్టర్‌లో ఉండి ప్రతి బోల్టుకూ సౌతాంప్టన్ వైపు చూసేవాళ్లు ఉంటారు. ఈ ఊరు పడవల ఊరు కాకపోయినా యంత్రాల ఊరు. కుట్టు పని, అల్లిక పని, బూట్ల పని నూరేళ్లకు పైగా ఇక్కడి బతుకు. ఆ మిల్లుల యంత్రాల కోసం పుట్టిన ఇంజినీరింగ్ వేరుగా ఎదిగింది. కెమెరా లెన్సులకు, ఖచ్చితమైన కొలత యంత్రాలకు పేరుపడ్డ టేలర్ హాబ్సన్ 1886లో మొదలైంది ఇక్కడే. గ్రైండింగ్ యంత్రాల జోన్స్ అండ్ షిప్‌మన్ ఇక్కడిదే, వడ్రంగి యంత్రాల వాడ్‌కిన్ కూడా. ఆ పెద్ద షెడ్లు చాలావరకు మూతపడ్డా, లేత్ మీద పనిచేసే చిన్న షాపులు పారిశ్రామిక వాడల్లో ఇంకా ఉన్నాయి.

చుక్కాని పిన్ను చుట్టూ అరిగిపోయిన బుష్షు కోసం దేశమంతా వెతకడం కంటే, పాతదాన్ని పట్టుకుని అలాంటి షాపుకు వెళ్లడం నయం. అక్కడ ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి: నైలాన్ వద్దు, ఎసిటాల్ కావాలి. నైలాన్ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. యార్డులో సాఫీగా తిరిగిన చుక్కాని వారం తర్వాత సముద్రంలో బిగుసుకుపోతుంది. ఎసిటాల్ ఆ పని చేయదు.

చీలిన కిటికీలకు ఊరి సైన్‌బోర్డుల షాపు చాలు. అక్రిలిక్ పలకలు కోసేది వాళ్లే. ఎసెక్స్ నుంచి తెచ్చిన కాగితపు అచ్చు, పాత పలక మందం, పోత పోసిన రకం అక్రిలిక్ కావాలన్న మాట ఉంటే పని అయిపోతుంది. మధ్యలో కట్టే వల, కొయ్య మీది గుడారం లాంటివి కుట్టడానికి పారిశ్రామిక కుట్టు మిషను మీద చెయ్యి తిరిగినవాళ్లు ఈ ఊళ్లో ఉన్నంతమంది సముద్రతీరపు ఊళ్లలో ఉండరు. బెల్‌గ్రేవ్ రోడ్డు చుట్టుపక్కల విచారిస్తే ఎవరో ఒకరు దొరుకుతారు. దారం మాత్రం ఎండకు ఆగే పాలిస్టరుదే తీసుకెళ్లి ఇవ్వాలి. మామూలు దారం రెండు వేసవులకే తెగుతుంది, మనుషులు నిలబడే వల అది.

దగ్గర్లో దొరికినదల్లా సరిపోతుందని మాత్రం అనుకోకూడదు. సోర్ నది, కాలువ వెంట ఉన్న పడవ కొట్లు చాలా మంచివి. పంపులు, తాళ్లు, బ్యాటరీలు, దీపాలు అన్నీ ఉంటాయి. కానీ ఆ కొట్లు మంచినీటి పడవల కోసం పెట్టినవి. లోహాల తుప్పును తన మీదికి లాక్కుని కరిగిపోయే యానోడ్ అనే దిమ్మె ఉంటుంది చూశారూ, కాలువ పడవలకు అది మెగ్నీషియంతో చేస్తారు. ఉప్పునీటి పడవకు జింకుది కావాలి. మెగ్నీషియం దిమ్మె ఉప్పునీళ్లలో చూస్తుండగానే కరిగిపోతుంది, తర్వాత తుప్పు వంతు చుక్కానిదో ప్రొపెల్లర్‌దో. బోల్టుల దగ్గరా ఇదే జాగ్రత్త. ఊరి హార్డ్‌వేర్ కొట్లో స్టెయిన్‌లెస్ బోల్టు అడిగితే సాధారణంగా ఇచ్చేది ఏ2 రకం. సముద్రానికి ఏ4 కావాలి. తల మీద అచ్చుకొట్టిన అక్షరాలు చూసుకుంటే చాలు. అయస్కాంతం అంటకపోతే మంచిదని కొందరు చెబుతారు. ఏ2 అయినా ఏ4 అయినా అయస్కాంతం పెద్దగా అంటదు, ఆ పరీక్షతో రెంటికీ తేడా తెలియదు. అల్యూమినియం కొయ్యలోకి స్టెయిన్‌లెస్ బోల్టు దిగే ప్రతిచోటా మధ్యలో డ్యూరాలాక్ లాంటి లేపనం పూయాలి. లేకపోతే అయిదేళ్లలో రెండూ ఒకటై, విప్పబోతే బోల్టు తెగుతుంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఎలా అడిగితే పెడుతుందన్నది ఇక్కడి ప్రశ్న. పాత కాటమరాన్‌కు చుక్కాని భాగం ఉందా అని రాస్తే జవాబు రాదు, వచ్చినా లేదనే వస్తుంది. అదే పడవ రకం, సంవత్సరం, చుక్కాని పిన్ను వ్యాసం 12.7 మిల్లీమీటర్లు, రెండు కొక్కేల మధ్య దూరం, స్టెయిన్‌లెస్సా కంచా, ఎడమ హల్‌దా కుడిదా, పక్కన స్కేలున్న ఫొటో, ఇవన్నీ ఒక కాగితంలో పెట్టి పంపితే అవతలివాడు తన షెడ్డులోకి వెళ్లి చూడగలడు. లేకపోయినా ఎక్కడ ఉంటుందో చెబుతాడు. బ్రిటన్‌లో ప్రతి పాత పడవ రకానికీ ఆ పడవల యజమానుల సంఘం ఒకటి ఉంటుంది, లేదా ఒకప్పుడు ఉండేది. హెవెన్లీ ట్విన్స్, ఇరొక్వాయ్, కాటలాక్ వంటి పాత కాటమరాన్‌లకు అభిమానులు ఇంకా ఉన్నారు. డార్ట్ 18 వంటి చిన్న రేసు పడవలకైతే సంఘం ఇప్పటికీ పోటీలు నడుపుతోంది. ఈ సంఘాల్లో పెద్దవయసువాళ్లు ఎక్కువ. వాళ్ల దగ్గర అసలు డ్రాయింగులు, పాత ధరల పట్టికలు, తాము మార్చినప్పుడు మిగిలిన భాగాలు ఉంటాయి. వాళ్లకు ఫోను చేసి, మంచీ చెడూ విచారించి, పడవ ఎక్కడెక్కడ తిరిగిందో విని, తర్వాత కావాల్సింది అడగడం మర్యాద. మన ఊళ్లో పాత ఇంటి కలప కోసం పెద్దాయన దగ్గరికి వెళ్తే అరుగు మీద కూర్చుని కాఫీ తాగాకే కదా అసలు మాట ఎత్తేది.

వసంతకాలంలో దక్షిణ తీరపు ఊళ్లలో బోట్ జంబుల్ అనే సంతలు జరుగుతాయి. హాంప్‌షైర్‌లోని బ్యూలీ సంతకు దశాబ్దాల పేరుంది. కార్ల వెనక డిక్కీలు తెరిచి, గడ్డి మీద పట్టాలు పరిచి, పెట్టెల నిండా కప్పీలు, కొక్కేలు, ఎప్పటివో దీపాలు పోస్తారు. చీకటితోనే చేరాలి. జేబులో కాలిపర్, సంచిలో చీటీ కట్టిన పాత భాగాలు, చేతిలో నగదు. అక్కడ జనం చేసే పొరపాటు అందంగా ఉన్నదాన్ని కొనడం. నోటు పుస్తకంలో లేనిది కొనకూడదన్న ఒక్క నియమం పెట్టుకున్నవాడు సగం సంచితో, మొత్తం పని పూర్తిచేసుకుని తిరిగొస్తాడు.

ఎంత వెతికినా కొన్ని దొరకవు. అప్పుడు వెతకడం ఆపి, ఆ భాగం చేసే పని ఏమిటని ఆలోచించాలి. ఇందుకు జేమ్స్ వారమ్ జీవితాన్ని మించిన పాఠం లేదు. 1928లో మాంచెస్టర్‌లో పుట్టిన ఈయన పసిఫిక్ దీవుల జంట పడవల గురించి చదివి, 1954లో టాంగరోవా అనే ఏడు మీటర్ల కాటమరాన్‌ను తన చేతులతో కట్టుకున్నాడు. ఆ మరుసటి ఏడు ఇద్దరు జర్మన్ యువతులతో కలిసి అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టి, 1956లో ట్రినిడాడ్ చేరాడు. రెండో పడవ రోంగోతో 1959లో ఉత్తర అట్లాంటిక్‌ను పడమటి నుంచి తూర్పుకు దాటాడు. ఇవి కాదు ఇక్కడ ముఖ్యం. తర్వాతి కాలంలో ఆయన గీసిన పడవల్లో హల్‌లనూ అడ్డదూలాలనూ బోల్టులతో బిగించలేదు, తాళ్లతో కట్టాడు. బిగించిన బోల్టు చుట్టూ అల దెబ్బకు చెక్క నలుగుతుంది. కట్టిన తాడు కాస్త సాగి, ఆ దెబ్బను మింగేస్తుంది. ఆయన గీసిన 21 అడుగుల టికి రకం పడవ ఒకటి, కుకింగ్ ఫ్యాట్ అనే పేరుతో, 1991 నుంచి 1997 వరకు భూమి చుట్టూ తిరిగి వచ్చింది. దాని దూలాలను పట్టి ఉంచిన సామాను ఏ ఊళ్లోనైనా మీటర్ల లెక్కన కొనగలిగే తాడు.

తెప్ప కట్టిన జాలరికి ఇది కొత్త విషయం కాదు. ఇవాళ డైనీమా అనే నారతో పేనిన సన్నటి తాడు అదే లావు స్టీలు తీగకు తీసిపోకుండా బరువు లాగుతుంది. ఎక్కడా దొరకని పాత స్టీలు సంకెల కొక్కేనికి బదులు ఆ తాడుతో అల్లిన ఉచ్చు వేసుకోవచ్చు. అల్లడం ఒక సాయంత్రంలో నేర్చుకోవచ్చు. తుప్పు పట్టదు, కాటమరాన్‌కు పగవాడైన బరువు తగ్గుతుంది. రాతి అంచు, లోహపు అంచు తగిలేచోట మాత్రం వాడకూడదు, కోసుకుపోతుంది.

డబ్బు గురించి క్లుప్తంగా. బ్రిటన్‌లో కొత్త సామాను మీద 20 శాతం వ్యాట్ ఉంటుంది, ధర అడిగేటప్పుడు అది కలిపా కాదా అన్నది తేల్చుకోవాలి. ఫ్రాన్స్, నెదర్లండ్స్ కొట్ల నుంచి తెప్పిస్తే 2021 జనవరి నుంచి లెక్క మారింది. 135 పౌండ్ల విలువ దాటిన పార్సిల్‌కు సరిహద్దులో వ్యాట్, కొన్నిటికి సుంకం, కొరియరు వాడి రుసుం కలుస్తాయి. పడవకయ్యే మొత్తంలో తీగలు, కవాటాలు, తెరచాపలు ముందుగా పక్కన పెట్టుకోవాలి. కుషన్లు, దీపాలు, పేరు రాయించడం చివరికి. క్రమం తప్పినవాళ్ల పడవలే అందమైన కుషన్లతో యార్డులో ఇంకో చలికాలం గడుపుతాయి.

ఏప్రిల్ వచ్చి, క్రేను బుక్ చేసుకుని, పడవను నీళ్లలోకి దించే రోజున కూడా ఈ పని కొంత మిగిలే ఉంటుంది. పడవ నీళ్లను తాకాక బెల్టులు వెంటనే విప్పనివ్వకూడదు. పది నిమిషాలు అలాగే పట్టి ఉంచమని క్రేను మనిషికి ముందురోజే చెప్పుకోవాలి. ఆ పది నిమిషాల్లో లోపలికి దిగి, రెండు హల్‌లలోనూ కొత్తగా బిగించిన ప్రతి కవాటం చుట్టూ పొడి టిష్యూ కాగితం అద్ది చూడాలి. చేతికి తెలియని చెమ్మ కాగితానికి తెలుస్తుంది. కవాటాన్ని మూసి ఒకసారి, తెరిచి ఒకసారి. ఒక హల్ అయ్యాక రెండోది. కాగితాలన్నీ పొడిగా వస్తే పైకెక్కి బెల్టులు విప్పమని చెయ్యి ఊపవచ్చు.